48 వేల అడ్వాన్స్‌లో 3 వేలే మిగిలాయంటున్న ఓనర్. వదిలేయాలా, పోరాడాలా?

కొండాపూర్_కిరాయి
కొండాపూర్‌లో డబుల్ బెడ్‌రూమ్, కిరాయి 24,000. చేరేటప్పుడు రెండు నెలల అడ్వాన్స్ 48,000 ఓనర్ బ్యాంకు అకౌంట్‌లోనే వేశాను. మూడేళ్లున్నాం. ఏ నెలా ఐదో తారీఖు దాటనివ్వలేదు. అగ్రిమెంట్‌లో ఉన్నట్టే నెల ముందు వాట్సాప్‌లో చెప్పి ఖాళీ చేశాం. తాళాలిచ్చిన రోజు ఇల్లంతా తిరిగి చూసి "బాగానే ఉంచారమ్మా" అని మా ఆవిడతో అన్నాడు. అడ్వాన్స్ అడిగితే "కొత్తవాళ్లు రాగానే ఇస్తా" అన్నాడు. కొత్తవాళ్లొచ్చి పాలు కూడా పొంగించుకున్నారు. ఇప్పుడు ఒక చీటీ ఫొటో తీసి పంపాడు:

పెయింటింగ్ 24,000
డీప్ క్లీనింగ్ 4,000
సింక్ ట్యాప్ 2,500
దోమల జాలీలు 3,500
గీజర్ 6,000
ఇతరములు 5,000

"మొత్తం 45,000 పోను 3,000 బ్యాలెన్స్, నంబర్ పంపితే వేస్తా" అట. అగ్రిమెంట్‌లో "ఖాళీ చేయునపుడు పెయింటింగ్ చార్జీలు టెనెంటు భరించవలెను" అని ఒక లైనుంది, ఎంతో రాయలేదు. మొదటి 11 నెలలు అయిపోయాక కొత్త అగ్రిమెంట్ రాసుకోలేదు, నోటిమాట మీదే నడిచింది. ఇప్పుడు ఫోన్ ఎత్తడం లేదు. ఎవరైనా ఇలాంటిదాంట్లోంచి డబ్బు వెనక్కి తెచ్చుకున్నారా?

బిర్యానీ_బాబ్జీ
"ఇతరములు 5,000" దగ్గర టీ మీద పోసుకున్నాను. అవేంటో ఆయనకీ తెలీదు, అందుకే ఇతరములు.

నిజాంపేట_నివాసి
కొత్తవాళ్ల అడ్వాన్స్ తీసుకుని పాతవాళ్లకివ్వడం సిటీ అంతా నడుస్తున్నదే. మనమిచ్చింది వాళ్ల దగ్గర ఉండదు, చేతిలో పడ్డ వారానికే ఖర్చయిపోతుంది. మా పాత ఓనర్ మా అడ్వాన్స్‌తో ఊళ్లో బోరు వేయించాడు. అక్కడ నీళ్లూ పడలేదు, ఇక్కడ మా అకౌంట్‌లో డబ్బులూ పడలేదు.

కుక్కర్_విజిల్
ఖాళీ చేసేటప్పుడు ఒక నెల కిరాయి పెయింటింగ్‌కి పట్టుకోవడం హైదరాబాద్‌లో మామూలే కదా బ్రో. అది వదిలేసి మిగతా 21 వేల కోసం అడుగు.

నిజాంపేట_నివాసి
@కుక్కర్_విజిల్ మామూలని ఎవరన్నారు? ఓనర్లే అన్నారు, మనం తలూపాం. మూడేళ్లలో ఆయన ఎనిమిదిన్నర లక్షల పైనే కిరాయి కట్టాడు. అందులోంచి గోడలకు రంగు రాదా?

ఇల్లుగలాయన
నేను ఓనర్నే. తిట్టే ముందు ఇటువైపు కూడా వినండి. మోతీనగర్‌లో మూడు పోర్షన్లు కిరాయికిస్తాను. పోయినసారి ఖాళీ చేసినవాళ్లు టీవీ యూనిట్ కోసం హాలు గోడంతా డ్రిల్ చేసి జల్లెడ చేశారు. పిల్లలు బెడ్‌రూమ్ గోడ మీద క్రేయాన్లతో గ్రహాలన్నీ గీశారు, ప్లూటోతో సహా. వంటింట్లో టైల్స్ మీద జిడ్డు గీకితే చాకు వంగింది. వెళ్తూ వెళ్తూ కరెంటు బిల్లు ఎగ్గొట్టారు. లప్పం పెట్టి రెండు కోట్లు వేయిస్తే డబుల్ బెడ్‌రూమ్‌కి 24 వేలు ఈ రోజుల్లో పెద్ద ఎక్కువేం కాదు.

అయితే నేను బిల్లు చూపించి పట్టుకుంటాను. చీటీ మీద రాసి ఫొటో పంపడం నాకూ నచ్చలేదు. ఇంతకీ చేరిన రోజు ఫొటోలు, ఖాళీ చేసిన రోజు వీడియో ఏమైనా ఉన్నాయా?

కొండాపూర్_కిరాయి
@ఇల్లుగలాయన ఖాళీ చేసిన రోజు మా ఆవిడ గది గదికీ వీడియో తీసింది. ట్యాప్ తిప్పి, గీజర్ ఆన్ చేసి మరీ తీసింది. చేరినప్పుడు ప్రత్యేకంగా తీయలేదు కానీ, పాలు పొంగించిన ఫొటోల్లో వెనకాల వంటగదీ గోడలూ కనిపిస్తున్నాయి. దోమల జాలీ ఒకటి అప్పటికే చినిగి ఉంది, ఫొటోలో పడింది.

బిర్యానీ_బాబ్జీ
అక్కకి ఒక దండం. సీఐడీలో ఉండాల్సింది.

మేకుల_మాస్టారు
ఇంత చర్చ ఎందుకు? స్టేషన్‌కెళ్లి చీటింగ్ కేసు పెట్టు. మా తోడల్లుడికి ఎస్సై ఒక్క ఫోన్ చేశాడు, సాయంత్రానికి డబ్బులొచ్చాయి.

వకీలమ్మ
@మేకుల_మాస్టారు మీ తోడల్లుడికి కలిసొచ్చింది, అందరికీ రాదు. తీసుకున్నప్పుడే ఎగ్గొట్టాలన్న ఉద్దేశం ఉందని చూపించగలిగితేనే చీటింగ్. లెక్కల దగ్గర తేడా వస్తే అది సివిల్ గొడవ. స్టేషన్‌లో "కోర్టుకెళ్లండి" అనే చెప్తారు. ఎస్సై ఫోన్‌తో సెటిల్ చేయడం ఆయన డ్యూటీ కాదు. అవతలివాడికీ ఒక ఎస్సై తెలిసుంటే కథ అక్కడితో ఆగిపోతుంది.

ఇక అసలు విషయం. ఇలాంటి కేసులు నా దగ్గరికి తరచూ వస్తాయి కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తున్నాను.

మోడల్ టెనెన్సీ యాక్ట్ గురించి అందరూ వాట్సాప్‌లో చదివే ఉంటారు. 2021 జూన్‌లో కేంద్ర క్యాబినెట్ ఆమోదించింది. ఇంటికి రెండు నెలల కిరాయికి మించి డిపాజిట్ తీసుకోకూడదనీ, ఇల్లు స్వాధీనం చేసుకున్న రోజే బాకీలు మినహాయించి మిగతాది ఇచ్చేయాలనీ అందులో ఉంది. కానీ అది నమూనా మాత్రమే. రాష్ట్రం తన చట్టంగా చేసుకుంటేనే పనికొస్తుంది. తెలంగాణలో ఇప్పటికీ 1960 నాటి అద్దె చట్టమే ఉంది.

ఆ 1960 చట్టంలో ఒక నెల కిరాయికి మించి అడ్వాన్స్ తీసుకోకూడదని స్పష్టంగా ఉంది. సంతోషించే ముందు ఇదీ చదవండి: మున్సిపల్ కార్పొరేషన్ పరిధిలో నెల కిరాయి 3,500 దాటితే ఆ ఇంటికి ఈ చట్టం వర్తించదు. 3,500కి కొండాపూర్‌లో బైక్ పార్కింగ్ వస్తుందేమో. అంటే ఆ చట్టం కింద అద్దె గొడవలు తేల్చే రెంట్ కంట్రోలర్ దగ్గరికి వెళ్లే దారి మీకు లేదు.

మిగిలింది మీ అగ్రిమెంటూ, 1882 నాటి ఆస్తి బదిలీ చట్టమూ. అందులో 108వ సెక్షన్ ప్రకారం ఇల్లు ఎలా తీసుకున్నారో అలా అప్పగించాలి, కానీ మామూలు వాడకంలో వచ్చే అరుగుదల టెనెంట్ మీద పడదు. మూడేళ్లలో రంగు వెలుస్తుంది, ట్యాప్ వాషర్ అరుగుతుంది. అది ఓనర్ ఖర్చు. గోడకు బొక్క పెడితే మీ ఖర్చు.

అగ్రిమెంట్ గడువు అయిపోయిందని కంగారు పడకండి. ఆయన ఆ తర్వాత కూడా కిరాయి తీసుకున్నాడు కాబట్టి అదే చట్టం 116వ సెక్షన్ కింద నెలనెలా కొనసాగినట్టే. పాత షరతులే నడుస్తాయి. దాని అర్థం పెయింటింగ్ లైను కూడా నడుస్తుందని. @నిజాంపేట_నివాసి కోపం న్యాయమే కానీ, ఆ లైను ఉన్నాక పెయింటింగ్ సున్నా అనడం కష్టం. అంకె లేదు కాబట్టి నిజంగా అయిన ఖర్చు, అదీ సబబైనంత. బిల్లు చూపించాల్సింది ఆయనే.

కుక్కర్_విజిల్
మేడం, 11 నెలల అగ్రిమెంట్ రిజిస్టర్ చేయరు కదా, నోటరీతో సరిపెడతారు. కోర్టులో చెల్లుతుందా?

వకీలమ్మ
కేంద్ర చట్టం ప్రకారం ఏడాదికి మించిన లీజుకే రిజిస్ట్రేషన్ తప్పనిసరి. అందరూ 11 నెలలు రాసుకునేది అందుకే, కానీ మన దగ్గర 1999 సవరణతో ఏ లీజుకైనా రిజిస్ట్రేషన్ కావాలి. ఇక ఆయన అడ్వాన్స్ ఇచ్చాడనడానికి బ్యాంకు స్టేట్‌మెంట్ కంటే గట్టి సాక్ష్యం ఏముంటుంది? నగదు ఇచ్చి రసీదు తీసుకోనివాళ్ల సంగతే కష్టం.

పెంట్‌హౌస్_పక్షి
తాళాలు ఇవ్వడమే తప్పు. డబ్బు చేతికొచ్చాకే తాళం ఇవ్వాలి. నేను ఎప్పుడూ అంతే.

ఇల్లుగలాయన
@పెంట్‌హౌస్_పక్షి తాళం మీ దగ్గరుంటే ఇల్లు మీ స్వాధీనంలో ఉన్నట్టే. ఆ రోజులకూ కిరాయి వేసి అడ్వాన్స్‌లోంచే కోస్తారు. నేనైతే అదే చేస్తా.

పెంట్‌హౌస్_పక్షి
సరే, చివరి రెండు నెలలు కిరాయి కట్టకుండా "అడ్వాన్స్‌లో పట్టుకోండి" అంటే? అప్పుడు ఎవరి వెంటా తిరగక్కర్లేదు. మా ఆఫీసులో సగం మంది ఇదే పద్ధతి.

ఇల్లుగలాయన
అందుకే ఇప్పుడు ఓనర్లు మూడు నెలల అడ్వాన్స్ అడుగుతున్నారు. మీ ఆఫీసులో మిగతా సగం మంది దాని ఫలితం అనుభవిస్తున్నారు.

నిజాంపేట_నివాసి
ఓనర్లు టైముకి ఇస్తే ఎవరూ అలా చేయరు సార్. కోడి ముందా గుడ్డు ముందా అంటే ఇక్కడ మాత్రం ఓనరే ముందు.

వకీలమ్మ
చాలా అగ్రిమెంట్లలో "అడ్వాన్స్‌ను కిరాయిలో జమ చేసుకోరాదు" అని ఉంటుంది. అది ఉంటే మీరు షరతు తప్పినట్టే. ఓనర్ ఒప్పుకుంటున్నట్టు వాట్సాప్‌లో ఒక్క ముక్క రాస్తే ఏ గొడవా లేదు.

దీని మీద మన దగ్గరి పాత కేసు ఒకటుంది, 1989లో సుప్రీంకోర్టు చెప్పిన మోడరన్ హోటల్, గూడూరు కేసు. నెల కిరాయికి మించిన అడ్వాన్స్ ఓనర్ దగ్గర మూలుగుతుండగా, కిరాయి బాకీ పడ్డాడని ఆ హోటల్ వాళ్లను ఖాళీ చేయించడం కుదరదన్నారు. అయితే అది 1960 చట్టం కిందికొచ్చే బిల్డింగ్ గురించి. 24 వేల కిరాయి ఫ్లాట్‌లో కూర్చుని దాన్ని చూపించకండి.

మారతహళ్లి_మధు
మీ 48 వేలు చూసి అసూయగా ఉంది. బెంగళూరులో ఒకప్పుడు పది నెలల అడ్వాన్స్ మామూలు. ఇప్పుడు ఐదారు నెలలంటే "తగ్గించాం" అని ఉపకారం చేసినట్టు చెప్తారు. నేను రెండు లక్షలు ఇచ్చి చేరాను. ఖాళీ చేశాక 70 వేలు ఆపాడు. రోజూ ఫోన్ చేసి బతిమాలినప్పుడు ఏం కదల్లేదు. లాయర్ నోటీసు వెళ్లాక ఆయనే ఫోన్ చేసి "ఇంత దూరం ఎందుకు సార్, మనం మనం మాట్లాడుకునేవాళ్లం" అన్నాడు. మనం మనం అన్నది ఆ రోజే తెలిసింది.

మొత్తం రాలేదు, పెయింటింగ్‌కి 20 వేలు పోయాయి. మిగతాది వచ్చింది.

ఫ్రిస్కో_మామ
టెక్సస్‌లో ఖాళీ చేసిన 30 రోజుల్లో డిపాజిట్ ఇవ్వాలి, లేదా ఏది ఎందుకు కోశారో పద్దుల వారీగా రాసి పంపాలి. దురుద్దేశంతో ఆపితే 100 డాలర్లు, దాని మీద ఆపిన మొత్తానికి మూడు రెట్లు, మన లాయర్ ఫీజు కూడా వాళ్లే కట్టాలి. కానీ మన కొత్త అడ్రస్ రాతపూర్వకంగా ఇచ్చుండాలి. మా తెలుగు గ్రూపులో ఏటా ఎవరో ఒకరు అది ఇవ్వకుండా వేరే రాష్ట్రానికి వెళ్లిపోయి, తర్వాత లబోదిబోమంటారు. ఇక్కడ గోడల బదులు కార్పెట్ పేరు చెప్పి పిండుతారు, అంతే తేడా.

బిర్యానీ_బాబ్జీ
మూడు రెట్లా! మన దగ్గర అది పెడితే టెనెంట్లే ఓనర్లకు "మీకు తోచినప్పుడు ఇవ్వండి సార్, తొందరేం లేదు" అంటారు.

లండన్_లత
ఇంగ్లండ్‌లో అసలు డబ్బు ఓనర్ చేతిలో ఊరికే ఉండనివ్వరు. 2007 నుంచి గుర్తింపు పొందిన డిపాజిట్ స్కీమ్ కిందికి తేవాలి, ఇప్పుడు దానికి గడువు 30 రోజులు. తేకపోతే కోర్టు డిపాజిట్‌కి ఒకటి నుంచి మూడు రెట్లు ఇప్పించొచ్చు. గొడవొస్తే స్కీమ్ వాళ్లే ఇద్దరి ఫొటోలూ చూసి ఉచితంగా తేలుస్తారు. మా ఓవెన్ శుభ్రంగా లేదని వంద పౌండ్లు అడిగితే 30 ఇప్పించారు. నిజానికి ఓవెన్ బాగానే ఉంది, పూర్ణాలు ఒకసారి పేలాయి అంతే.

కుక్కర్_విజిల్
ఓవెన్‌లో పూర్ణాలేంటి అక్కా??

లండన్_లత
అది వేరే థ్రెడ్.

ఉప్పల్_ఉదయ్
కొండాపూర్ భయ్యా, ఆయన కిరాయి ఆదాయం ఇన్‌కమ్ టాక్స్‌లో చూపించడని గ్యారంటీ. "పాన్ నంబర్ ఇవ్వు, లేకపోతే డిపార్ట్‌మెంట్‌కి చెప్తా" అను. దెబ్బకి దిగొస్తాడు. లేదా ఆయన ఫోన్ నంబర్ ఇక్కడ పెట్టు, అందరం తలా ఒక కాల్ చేద్దాం.

మోడరేటర్
ఎవరి నంబరూ ఇక్కడ పెట్టకూడదు. పెడితే పోస్టుతో పాటు అకౌంటూ పోతుంది.

వకీలమ్మ
@ఉప్పల్_ఉదయ్ "డబ్బివ్వకపోతే ఫలానా చోట ఫిర్యాదు చేస్తా" అని రాతలో బెదిరిస్తే, రేపు ఆ స్క్రీన్‌షాట్‌ని ఆయన లాయర్ చదువుతాడు. మన చేతిలో ఉన్న మంచి కేసు చెడిపోతుంది. పాన్ సంగతి వేరు. ఏడాది కిరాయి లక్ష దాటితే హెచ్‌ఆర్‌ఏ (జీతంలో ఇచ్చే ఇంటి అద్దె భత్యం) మీద పన్ను మినహాయింపు క్లెయిమ్‌కి ఓనర్ పాన్ ఎలాగూ కావాలి. అది చేరినప్పుడే తీసుకోవాల్సింది, గొడవకి ఆయుధంలా కాదు.

రాతకోతలు
ముందు రాతలో అడగాలి, ఎలా రాయాలో ఎవరూ చెప్పలేదు. మా చెల్లి గొడవలో నేను రాసిచ్చింది మీకు తగ్గట్టు మార్చాను:

"అయ్యా, మీ ఫ్లాట్‌కి అడ్వాన్స్‌గా రూ. 48,000 ఫలానా తేదీన మీ బ్యాంకు ఖాతాలో జమ చేశాను. ఫలానా తేదీన ఇల్లు ఖాళీ చేసి తాళాలు మీకు అప్పగించాను. ఆ రోజు వరకు కిరాయి, మెయింటెనెన్స్, కరెంటు బిల్లు బాకీ లేవు. మీరు పంపిన రూ. 45,000 మినహాయింపును నేను అంగీకరించడం లేదు. ప్రతి పద్దుకీ బిల్లు, పని జరిగినట్టు ఫొటో 7 రోజుల్లోగా పంపగలరు. పెయింటింగ్‌కి నిజంగా అయిన సబబైన ఖర్చు మినహాయించి మిగతా మొత్తం 15 రోజుల్లోగా ఈ కింది ఖాతాకి జమ చేయగలరు. లేనిపక్షంలో చట్టప్రకారం ముందుకు వెళ్లవలసి వస్తుంది."

వాట్సాప్‌లో పంపు, ఈమెయిల్ ఉంటే అక్కడా పంపు, అదే కాగితం మీద సంతకం చేసి పోస్టులోనూ పంపు. కోపం ఒక్క మాటలో కూడా కనపడకూడదు. అలాంటి ఉత్తరానికి జవాబివ్వడం చాలా కష్టం.

కుక్కర్_విజిల్
పెయింటింగ్ మనమే ఒప్పుకోవడం ఎందుకు? బేరంలో ముందే దిగిపోయినట్టు కదా?

రాతకోతలు
అగ్రిమెంట్‌లో ఉన్నదాన్ని కాదంటే మనమే మొండివాళ్లలా కనిపిస్తాం. ఉన్నది ఒప్పుకుని బిల్లు అడిగితే, బిల్లు లేనివాడు ఇరుక్కుంటాడు.

వకీలమ్మ
ఉత్తరం బాగుంది, అలాగే పంపండి. పోస్టు విషయంలో ఒక మాట. రిజిస్టర్డ్ పోస్టుని 2025లో స్పీడ్ పోస్టులో కలిపేశారు. కౌంటర్లో అక్నాలెడ్జ్‌మెంట్ కావాలని అడిగి పంపండి. ఆయన తీసుకోకుండా వెనక్కి పంపినా ఫర్వాలేదు. సరైన అడ్రస్‌కి వెళ్లి "తీసుకోవడానికి నిరాకరించారు" అని రాసి తిరిగొచ్చిన కవరు అందినట్టే లెక్క. దాన్ని చింపకుండా అలాగే దాచండి.

వాట్సాప్ చాట్ డిలీట్ చేయకండి, ఫోన్ మార్చినా పాతది పారేయకండి. కోర్టులో చాట్ పెట్టాలంటే కొత్త సాక్ష్య చట్టం 63వ సెక్షన్ ప్రకారం సర్టిఫికెట్ జతచేయాలి. స్క్రీన్‌షాట్ ప్రింటు ఒక్కటే ఇస్తే ఒప్పుకోరు.

అమీర్‌పేట_హాస్టల్
నాది చిన్న డౌట్. లేడీస్ హాస్టల్‌లో 5,000 అడ్వాన్స్ ఇచ్చాను. నెల ముందు చెప్పి ఖాళీ చేశాను, "అడ్వాన్స్ నాన్ రిఫండబుల్, బోర్డు మీద రాసుంది" అంటున్నారు. ఆ బోర్డు ఫ్రిజ్ వెనకాల ఉంది.

బిర్యానీ_బాబ్జీ
ఫ్రిజ్ వెనకాల బోర్డు 😂

వకీలమ్మ
@అమీర్‌పేట_హాస్టల్ మీకు వేరే మంచి దారుంది. భోజనం, క్లీనింగ్, వైఫై అన్నీ కలిపి డబ్బు తీసుకునే హాస్టల్ సర్వీసు కిందికొస్తుంది కాబట్టి వినియోగదారుల కమిషన్‌కి వెళ్లొచ్చు. ముందు 1915 హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టండి, చాలామంది అక్కడే దిగొస్తారు. కమిషన్‌లో 5 లక్షల వరకు ఫీజు లేదు, ఇప్పుడు మీరుంటున్న ఊళ్లోనే వేయొచ్చు. మామూలు ఇంటి ఓనర్ మీద మాత్రం ఈ దారి కష్టం, ఖాళీ ఇల్లు అద్దెకివ్వడాన్ని సర్వీసు అనిపించుకోవడం తేలిక కాదు.

కొండాపూర్_కిరాయి
అప్‌డేట్. @రాతకోతలు గారి ఉత్తరం పంపాను. వారం మౌనం తర్వాత రెండు బిల్లులొచ్చాయి. పెయింటర్ బిల్లు పుస్తకంలోంచి చింపిన కాగితం, తేదీ లేదు. మా పాత వాచ్‌మన్‌ని అడిగితే హాలూ, ఒక బెడ్‌రూమూ మాత్రమే వేశారని చెప్పాడు. గీజర్ బిల్లు మాత్రం షోరూమ్‌దే, అసలుది. దాని మీద డెలివరీ అడ్రస్ మా ఫ్లాట్ కాదు, ఐదో అంతస్తు పెంట్‌హౌస్. అక్కడ ఉండేది ఓనరే.

బిర్యానీ_బాబ్జీ
నీ డబ్బుతో ఆయన స్నానం 🙏

ఇల్లుగలాయన
ఇందాక నేను ఓనర్ల తరఫున మాట్లాడినదాంట్లో ఈయన్ని మినహాయించండి. ఇలాంటి ఒకరి వల్ల మా అందరి చీటీలనీ అనుమానంగా చూస్తున్నారు.

నిజాంపేట_నివాసి
మీరు బిల్లులిస్తారు కదా సార్, మీకేం భయం.

కొండాపూర్_కిరాయి
ఇంకోటి. పొద్దున నా అకౌంట్‌లో 20,000 పడ్డాయి. నోట్‌లో "ఫుల్ అండ్ ఫైనల్ సెటిల్‌మెంట్" అని రాశాడు. నేను ఊరుకుంటే ఒప్పుకున్నట్టా? తిరిగి పంపేయాలా?

మేకుల_మాస్టారు
ఎట్టి పరిస్థితుల్లో తిరిగి పంపకు. వచ్చింది వచ్చినట్టు.

వకీలమ్మ
ఈసారి మాస్టారితో ఏకీభవిస్తున్నాను, పంపక్కర్లేదు. కానీ మౌనంగా ఉండకండి. ఈ రోజే రాయండి: "మీరు పంపిన రూ. 20,000 నా అడ్వాన్స్‌లో కొంత భాగంగా మాత్రమే స్వీకరిస్తున్నాను, పూర్తి సెటిల్‌మెంట్‌గా అంగీకరించడం లేదు, మిగతా దాని మీద నా హక్కు అలాగే ఉంది." పోస్టులో కూడా పంపండి. నోట్‌లో ఆయనొక్కడే రాసుకున్నంత మాత్రాన ఒప్పందం అయిపోదు, అయితే మీరు ఆరు నెలలు ఊరుకుంటే అయినట్టు కనిపిస్తుంది.

ఇప్పుడు లెక్క తేల్చుకోండి. ఇంకా రావాల్సింది 28,000. వేసిన రెండు గదులకు పెయింటింగ్, క్లీనింగ్ కలిపి ఓ 12 వేలు వదులుకుంటే మీరు నిజంగా అడుగుతున్నది 16 వేలు. దానికోసం సివిల్ దావా వేస్తే కోర్టు ఫీజు, లాయరు, వాయిదాలు. గెలుస్తారు, కానీ ఆ గెలుపుకి ఖర్చెంత? ఓనర్లు లెక్కేసుకునేది సరిగ్గా ఇదే. ఇంత చిన్న మొత్తానికి వీడు కోర్టుకి రాడులే అని.

అందుకే ప్రీ లిటిగేషన్, అంటే దావా వేయకముందే రాజీ ప్రయత్నం. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో తెల్లకాగితం మీద అర్జీ, అగ్రిమెంట్, బ్యాంకు స్టేట్‌మెంట్, మీ ఉత్తరాలు ఇవ్వండి. ఫీజు లేదు. వాళ్లే ఆయనకు నోటీసు పంపి ఇద్దరినీ కూర్చోబెడతారు. రాజీ కుదిరితే లోక్ అదాలత్ అవార్డు ఇస్తారు. అది సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీల్ లేదు. మీ ఏరియా ఏ ఆఫీసు కిందికొస్తుందో 15100కి ఫోన్ చేస్తే చెప్తారు.

పెంట్‌హౌస్_పక్షి
ఓనర్ రానే రాకపోతే?

వకీలమ్మ
రాకపోతే వాళ్లు బలవంతం చేయలేరు, తీర్పూ ఇవ్వలేరు. అప్పుడు దావాయే గతి. దానికి మూడేళ్ల గడువుంది కాబట్టి తొందరేం లేదు, అలాగని మూడో ఏడాది డిసెంబర్ దాకా ఆగకండి. ఇంకో సంగతి, అగ్రిమెంట్‌లో మీ ఆవిడ పేరు కూడా ఉందా? మహిళలకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్‌ని ఇస్తారు. ఎస్సీ, ఎస్టీలకూ అంతే.

కొండాపూర్_కిరాయి
ఇద్దరి పేర్లూ ఉన్నాయి. వీడియో తీసింది కూడా తనే కాబట్టి తన పేరు మీదే వేస్తాం.

మారతహళ్లి_మధు
నా అనుభవంలో కోర్టు స్టాంపున్న కవరు వెళ్తే చాలు, ఇంట్లోవాళ్లే ఒత్తిడి పెడతారు. చూస్తూ ఉండు.

కొండాపూర్_కిరాయి
@మారతహళ్లి_మధు నోరు మంచిది అన్నా మీది. న్యాయ సేవాధికార సంస్థ నోటీసు అందిందో లేదో ఓనర్ కొడుకు ఫోన్ చేశాడు. "నాన్నగారికి బీపీ, కోర్టు మెట్లెక్కించకండి, 10 వేలు ఇచ్చేస్తాను, కేసు వెనక్కి తీసుకోండి" అంటున్నాడు. మనిషి మర్యాదగానే మాట్లాడాడు. మా ఆవిడ 16కి తగ్గేది లేదంటోంది. నేనైతే 13, 14 దగ్గర ఆగిపోదామనుకుంటున్నా.

బిర్యానీ_బాబ్జీ
అక్క మాట విను. ఇప్పటిదాకా ఈ కేసు నడిపింది అక్కే.

ఇల్లుగలాయన
14కి తేల్చుకోండి బాబూ. ఆ రెండు వేల కోసం ఇంకో సెలవు పెడితే మీ జీతంలోంచి పోయేది అంతకంటే ఎక్కువ.

వకీలమ్మ
ఎంతకు ఒప్పుకోవాలన్నది మీ ఇద్దరి ఇష్టం. ఎలా తీసుకోవాలో మాత్రం చెప్తాను. ముందే అర్జీ వెనక్కి తీసుకుని తర్వాత డబ్బు కోసం చూడకండి. ఇచ్చిన తేదీకి ఇద్దరూ వెళ్లి, ఒప్పుకున్న అంకె, ఏ తేదీలోపు, ఏ ఖాతాకి అన్నది అవార్డులో రాయించండి. ఆ తర్వాత ఇవ్వకపోతే నేరుగా అమలు పిటిషన్ వేయొచ్చు, మళ్లీ మొదటి నుంచి నిరూపించక్కర్లేదు. పెద్దాయనకి బీపీ ఉంటే ఆయన బదులు కొడుకు రావొచ్చేమో ఆ ఆఫీసులో ముందే అడగమనండి.

కొండాపూర్_కిరాయి
సరే మేడం. అదే చెప్పాను, తేదీకి కొడుకే వస్తానన్నాడు.

తెనాలి_షట్టర్
నాది తెనాలిలో బట్టల షాపు. షట్టర్‌కి లక్షన్నర అడ్వాన్స్ ఇచ్చాను, ఓనర్ చనిపోయాడు, ఇద్దరు కొడుకులు ఒకరి మీద ఒకరు చెప్పుకుంటున్నారు. నాకూ ఇదే దారేనా?

వకీలమ్మ
కాదండీ. షాపు, ఆంధ్ర చట్టం, పైగా వారసుల గొడవ. అగ్రిమెంట్ తేదీ, కిరాయి ఎంత, ఆయన పోయాక కిరాయి ఎవరి ఖాతాలో వేస్తున్నారు అన్నవి రాసి కొత్త థ్రెడ్ తెరవండి. అప్పటిదాకా కిరాయి మాత్రం ఎవరికీ నగదుగా ఇవ్వకండి.